అమెరికాలో జింక వేటకి లైసెన్స్ ఇస్తారు, మన కొండల్లో వేటాడితే జైలు.. ఎందుకు? | ఎపిసోడ్ టెక్స్ట్

  పలాస, టెక్కలి, సోంపేట, కవిటి వాళ్ళందరూ వినండి, ఎందుకంటే ఈరోజు టాపిక్ మన ఇంటి వెనకాల కొండదే.

ఈ మధ్య మన కుర్రాళ్ళ ఫోన్లలో ఒక టైపు వీడియోలు బాగా తిరుగుతున్నాయి. అమెరికాలో కొండల్లోకి వెళ్ళి మ్యూల్ డీర్‌ని వేటాడే వీడియోలు. టెంటు, బైనాక్యులర్, మంచు, పెద్ద కొమ్ముల జింక, చివర్లో మాంసం కాల్చుకుని తినడం. అవి చూసి చాలామంది నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, ఆళ్ళు జింకని కొట్టి వీడియో పెడితే వ్యూస్ వస్తాయి. మనం మహేంద్రగిరి కింద ఒక కుందేలుని కొడితే కేసు పెడతారు. ఇదేటి న్యాయం?"

ప్రశ్న కరెక్టే. తిట్టి వదిలేసే ప్రశ్న కాదు. అందుకే రెండు వైపులా ఏం జరుగుతుందో మొత్తం చెప్తాను, తర్వాత మీరే ఆలోచించండి.

ముందు ఆ జింక సంగతి. మ్యూల్ అంటే కంచరగాడిద. ఈ జింక చెవులు కంచరగాడిద చెవుల్లాగ పెద్దగా ఉంటాయి, అందుకే ఆ పేరు. కొలరాడో, యూటా, వ్యోమింగ్, ఐడహో, మోంటానా లాంటి పడమటి రాష్ట్రాల కొండల్లో ఉంటుంది. భయపడితే మామూలుగా పరిగెత్తదు, నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలకి కొట్టి స్ప్రింగ్‌లాగ ఎగురుకుంటూ పోతుంది. పెద్ద మగది వంద కిలోలు కూడా దాటుతుంది.

ఇప్పుడు వీడియోలో చూపించని పార్ట్. ఆ కుర్రాడు తుపాకీ పట్టుకోవడానికి ముందు ఏం చేశాడు? కొలరాడో రూల్స్ చెప్తాను. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్ళెవరైనా సరే, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. తర్వాత అప్లికేషన్. 1999 నుంచి అక్కడ జింక లైసెన్సులన్నీ లిమిటెడ్. మన దగ్గర లాటరీ తీసినట్టు డ్రా తీస్తారు. ఒక్కో ఏరియాలో ఎన్ని జింకలున్నాయో లెక్క వేసి, ఈ సంవత్సరం ఎన్నిటిని వేటాడినా మందకి ఇబ్బంది లేదో చూసి, అన్ని లైసెన్సులే ఇస్తారు. మంచి ఏరియాల కోసం ఏళ్ళ తరబడి పాయింట్లు కూడబెట్టుకునే వాళ్ళున్నారు.

డ్రాలో పేరొస్తే ఒక ట్యాగ్ ఇస్తారు. ట్యాగ్ అంటే ఒక్క జింక. ఏ ఏరియాలో, ఏ తేదీల మధ్య, మగదా ఆడదా, అన్నీ దాని మీదే రాసుంటాయి. రైఫిల్ సీజన్‌లో మెరిసే ఆరెంజ్ గానీ పింక్ గానీ 500 చదరపు అంగుళాలు తగ్గకుండా ఒంటి మీద ఉండాలి, తల మీద కూడా ఉండాలి. ఒక వేటగాడు ఇంకొకడిని జింక అనుకుని కాల్చకుండా ఉండటానికి. కొట్టాక మాంసం అడవిలో వదిలేస్తే అదీ నేరమే. ఆ మాంసం అమ్మడం కూడా నేరమే. ఇంట్లో తినొచ్చు, స్నేహితులకి పంచొచ్చు, అంతే.

డల్లాస్‌లోనో డెన్వర్‌లోనో ఉన్న మన తెలుగు వాళ్ళకి ఇంకో పాయింట్. హెచ్‌1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు అక్కడ తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఉన్న మినహాయింపుల్లో ఒకటి, రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. అంటే వీకెండ్‌కి ఫ్రెండ్ తుపాకీ పట్టుకుని సరదాగా ఫొటో దిగినా వీసాకే ఎసరు రావచ్చు.

సరే, ఇంత పద్ధతి వాళ్ళకి పుట్టుకతో వచ్చిందా? లేదు. 1800ల్లో వాళ్ళు కూడా అడ్డూ అదుపూ లేకుండా వేటాడారు. జింక మాంసం బస్తాలకి బస్తాలు సిటీలకి అమ్మేవారు. కోట్లలో ఉన్న అడవిదున్నలు వందల్లోకి పడిపోయాయి. అప్పుడు మేలుకున్నారు. 1900లో లేసీ చట్టం తెచ్చి, దొంగవేట సరుకుని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తరలించి అమ్మడం నేరం చేశారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం. తుపాకులు, తూటాల మీద వేసే పన్ను, పెద్ద తుపాకుల మీద 11 శాతం, తిరిగి రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకే వెళ్తుంది. జింకల్ని లెక్కపెట్టే మనిషి జీతంలో వేటగాడి డబ్బులున్నాయన్నమాట.

అంత చేసినా అక్కడ అంతా బాగుందా అంటే, లేదు. జింకల మెదడుని తినేసే ఒక జబ్బు ఉంది, క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. 1967లో కొలరాడోలో పరిశోధన కోసం పెంచుతున్న మ్యూల్ డీర్‌లోనే మొదట కనిపించింది. ఇప్పుడు చాలా రాష్ట్రాలకి పాకింది. మందు లేదు.

ఇప్పుడు మన వైపు వద్దాం.

మన మహేంద్రగిరి. 1501 మీటర్ల ఎత్తు. శిఖరం ఒడిశా గజపతి జిల్లాలో ఉంది, కింద వాలు మన మందస వైపు దిగుతుంది. 2022లో ఒడిశా ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. ఈ కొండల్లో సవరలు తరతరాలుగా ఉంటున్నారు. వాళ్ళ ఇళ్ళ గోడల మీద వేసే బొమ్మలు చూడండి, జింకలు, విల్లు పట్టుకున్న మనుషులు, నెమళ్ళు కనిపిస్తాయి. వేట ఇక్కడ కొత్త కాదు. కొండ మీద వాళ్ళకి అది తిండి. జమీందార్లకి, దొరలకి అది సరదా. సరదా వేట తుపాకీతో, జీపుతో, హెడ్‌లైట్లతో వచ్చాక అడవి ఖాళీ అవడం మొదలైంది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అప్పటికీ కొన్ని జంతువులకి లైసెన్స్ వేట ఉండేది. 1991 సవరణతో అది కూడా పోయింది. మన కుర్రాళ్ళకి తెలియని విషయం ఒకటుంది. ఈ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, వల పన్నడం, ఎర పెట్టడం, తరమడం, పట్టుకోవడం, వీటిలో ఏది ప్రయత్నించినా వేటే. జంతువు దొరక్కపోయినా వేటే. ఎలుగుబంటి, కృష్ణజింక లాంటివి మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వాటి జోలికి వెళ్తే తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఏడేళ్ళు జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా 25 వేలకి తగ్గదు. సల్మాన్ ఖాన్ కేసు గుర్తుందా? కృష్ణజింకల ఘటన 1998లో, జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్ళ శిక్ష వేసింది 2018లో. ఆయన అప్పీలుకి వెళ్ళారు, బెయిల్ మీద ఉన్నారు. అంత పెద్ద స్టార్‌కే ఇరవై ఏళ్ళు కోర్టు చుట్టూ తిరగడం అయ్యింది. గ్రూప్-2కో పోలీస్ సెలక్షన్‌కో ప్రిపేర్ అవుతున్న మన కుర్రాడి మీద ఇలాంటి కేసు పడితే ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకోండి. అందులోనూ మనమే రీల్ తీసి, మనమే లొకేషన్ పెట్టి, సాక్ష్యం మనమే ఇస్తున్నాం.

కానీ నాకు జైలు కంటే పెద్ద భయం వేరే ఉంది. అది కరెంటు తీగ.

మన దగ్గర ఇప్పుడు విల్లు లేదు, బాణం లేదు. పంది కోసం అని బైక్ క్లచ్ వైరుతో ఉచ్చు వేస్తారు, లేకపోతే లైన్ నుంచి కొక్కెం తగిలించి నేల మీద తీగ లాగుతారు. నేను బీటెక్ చదివాను కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్తాను. సోలార్ ఫెన్సింగ్ అనేది వేరు. అందులో వోల్టేజీ ఎక్కువ ఉన్నా, షాక్ సెకనుకి ఒకసారి, రెప్పపాటు కంటే తక్కువ టైమే వస్తుంది. జంతువు అదిరిపడి వెనక్కి పోతుంది, చావదు. లైన్ నుంచి నేరుగా లాగిన తీగలో కరెంటు ఆగదు. తగిలితే కండరాలు బిగుసుకుపోతాయి, వదిలించుకోవడం కుదరదు, గుండె ఆగిపోతుంది. ఆ తీగకి పంది ఎవరు, ఆవు ఎవరు, తెల్లవారకముందు తోటకి వెళ్ళే మీ మావయ్య ఎవరు అనేది తెలీదు. మనిషి చనిపోతే అది వన్యప్రాణి కేసు కాదు, నరహత్య కేసు దాకా వెళ్తుంది.

క్లచ్ వైరు ఉచ్చు కూడా అంతే. పంది కోసం వేస్తే ఎలుగుబంటి పడొచ్చు. ఎలుగు తెంపుకుని పోయిందనుకోండి, కాలికి తీగ బిగుసుకుని, పుండుతో, నొప్పితో తిరుగుతుంది. దాని ఎదురుగా రేపు ఎవరు పడతారు? ఉచ్చు వేసినవాడు కాదు. జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళిన అమ్మ పడుతుంది.

ఉద్దానం వాళ్ళకి ఎలుగు గురించి నేను చెప్పక్కర్లేదు. బయటి వాళ్ళ కోసం చెప్తున్నా. ఉద్దానం అంటే ఉద్యానవనం. కొబ్బరి, జీడి, పనస తోటలు. ఎలుగులకి ఆ తోటలే ఇల్లు. పనసపండు, జీడిపండు, చెదపుట్టలు, అన్నీ అక్కడే దొరుకుతాయి. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడిలో భార్యాభర్తలు చనిపోయారు, ఊరివాళ్ళు ఆ ఎలుగుని చంపేశారు. అదే ఏడాది అక్టోబర్ 11న తిత్లీ తుఫాను ఈ తోటల్ని ఊడ్చేసింది. మనిషికీ ఎలుగుకీ ఒకేసారి ఇల్లు పోయింది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒకరు చనిపోయారు, ఇంకా కొంతమందికి గాయాలయ్యాయి. ఆ ఎలుగుని పట్టుకున్నారు గానీ విశాఖ జూకి తరలిస్తుండగా అదీ చచ్చిపోయింది. ఇందులో గెలిచిందెవరు?

"మరి పంది పంట తినేస్తే చూస్తూ ఊరుకోవాలా?" అని రైతు అడుగుతాడు. అడగాలి కూడా. చట్టంలోనే దానికి దారి ఉంది. ప్రాణం కాపాడుకోవడానికి జంతువుని చంపాల్సి వస్తే 11వ సెక్షన్ ప్రకారం నేరం కాదు. పంటకి నష్టం చేసే కొన్ని జంతువుల విషయంలో అధికారులు పర్మిషన్ ఇచ్చే వీలు కూడా ఉంది. ఆ పర్మిషన్ రైతుకి త్వరగా వచ్చేలా గట్టిగా అడగాలి, నష్టపరిహారం లేటైతే గ్రామసభలో నిలదీయాలి. ఆ కోపం నాకూ ఉంది. కానీ ఆ కోపం తీగ రూపంలో నేల మీద పడకూడదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి సమాధానం. అమెరికా వేటకి పునాది రెండే. ఒకటి, లెక్క. రెండు, మాంసం అమ్మకూడదు. మన దగ్గర అడవి చిన్న చిన్న ముక్కలైపోయింది, ఏ కొండ మీద ఎన్ని కణుజులున్నాయో, ఎన్ని దుప్పులున్నాయో చెప్పి లైసెన్స్ ఇచ్చే వ్యవస్థ లేదు. దొంగచాటుగా "అడవి మాంసం" అని కిలో లెక్కన అమ్మేవాళ్ళు మాత్రం ఉన్నారు. లెక్క లేకుండా, అమ్మకం ఆగకుండా వేట మొదలెడితే ఏమవుతుందో అమెరికా వాళ్ళు 1800ల్లోనే చూసేశారు. మనం ఆ సినిమా మళ్ళీ తియ్యక్కర్లేదు.

వేరే సినిమా మన పక్కనే ఆడుతోంది. టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్ళండి. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. రెట్ట వాసన వచ్చినా ఊరివాళ్ళు రాయి వెయ్యరు, పక్షులు వస్తేనే ఊరికి మంచిదంటారు. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచి కూడా అంతే. బోర్డర్ దాటితే గంజాం జిల్లాలో భేట్నై, బాలిపదర్ ఊళ్ళున్నాయి. కృష్ణజింకలు పొలాల్లో మేస్తుంటే రైతులు తరమరు, జింక మేసిన చేను బాగా పండుతుందని వాళ్ళ నమ్మకం. ఇప్పుడు గంజాంలో అవి వేలల్లో ఉన్నాయి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. మనలో ఎంతమంది దాన్ని జూలో కాకుండా బయట చూశారు? పలాస నుంచి బండి వేసుకుంటే ఒక్క రోజులో చూసి రావచ్చు. ఆ వీడియో తీయండి, నేనే షేర్ చేస్తా.

చివరిగా మూడు పనులు. ఒకటి, తోటలో తీగ గానీ ఉచ్చు గానీ కనిపిస్తే ముట్టుకోవద్దు, దగ్గరికి వెళ్ళొద్దు, కరెంటు ఆఫీసుకీ ఫారెస్ట్ వాళ్ళకీ చెప్పండి. మీ ఏరియా ఫారెస్ట్ రేంజ్ ఆఫీస్ నంబర్ ఇవాళే సేవ్ చేసుకోండి, దొరక్కపోతే 112 ఉంది. రెండు, తెల్లవారుజామున, మసక చీకట్లో తోటకి ఒంటరిగా వెళ్ళొద్దు. ఎలుగుకి వాసన బాగా తెలుస్తుంది గానీ చూపు తక్కువ. మాట్లాడుకుంటూ, చప్పుడు చేసుకుంటూ వెళ్తే అదే తప్పుకుంటుంది. ఊళ్ళోకి వస్తే చుట్టూ మూగి వీడియోలు తీయకండి, దానికి పోయే దారి వదలండి. మూడు, వేట రీల్ వస్తే ఫార్వర్డ్ చేయకండి. ఎవరైనా అడవి మాంసం అమ్ముతుంటే కొనకండి. కొనేవాడు లేకపోతే ఉచ్చు వేసేవాడు ఉండడు.

మీ ఊళ్ళో ఎలుగు గురించి, పంది గురించి, పంట నష్టం గురించి ఏమైనా చెప్పాలనుంటే కామెంట్‌లో రాయండి. రైతుల మాటలతోనే ఒక ఎపిసోడ్ చేద్దాం. వీడియో నచ్చితే తోటకి వెళ్ళే మీ ఇంటివాళ్ళకి చూపించండి. ఉంటాను మరి, జాగ్రత్త.