కెప్టెన్సీ పోయినా బ్యాటు వదలని నాయుడు గారు

(వేములవాడలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజన్న సన్నిధిలో క్రికెట్ ముచ్చటేమిటని అనుకోకండి. మన కథే అందులో ఉంది.

1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారత జట్టు తన తొలి టెస్టు మొదలుపెట్టింది. పర్యటన నాయకుడైన పోర్‌బందర్ మహారాజా తానే పక్కకు తప్పుకోగా, సారథ్యం నాగపూర్‌లో పుట్టిన మన తెలుగు బిడ్డ సి.కె. నాయుడు గారికి దక్కింది. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. జట్టులో అవే ఎక్కువ. 158 పరుగుల తేడాతో ఓడినా ఆ కొత్త జట్టు తల దించుకోలేదు.

1936 ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్సీ విజయనగరం రాజకుమారుడికి వెళ్లింది. ఆటలో ఆయన నాయుడు గారికి సాటి కారు. అయినా నాయుడు గారు ఆయన కింద ఆడారు. ఓవల్‌లో అలెన్ బంతి బలంగా తగిలినా నిలబడి 81 పరుగులు చేశారు. అదే ఆయన చివరి టెస్టు.

నాకూ ఒకసారి ప్రమోషన్ తప్పి, జూనియరుకు దక్కింది. ఆరు నెలలు ఫైలు ముట్టబుద్ధి కాలేదు. అలా నా టేబులు మీద ఆగినవాటిలో, భర్త పోయిన ఒక తల్లి ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు కూడా ఉన్నాయి. ఆ తప్పు నాదే. ఇప్పటికీ బాధిస్తుంది.

నాయుడు గారు 61 ఏళ్ల వయసులోనూ రంజీ ఆడారు. మనల్ని 58కే ఇంటికి పంపారు. కాగితాలు రాసుకోలేని వారు మనలో ఇంకా ఉన్నారు. ప్రతి మంగళవారం నేను సంఘం ఆఫీసులో కూర్చుంటాను. మొహమాటపడకుండా రండి.