పీహెచ్‌డీ సీటు వేరు, ఫండింగ్ వేరు

ఇండియాలో తమ్ముడి కూతురో, చెల్లెలి కొడుకో బ్రిటన్‌లో పీహెచ్‌డీ చెయ్యాలనుకుంటే ముందు ఫోనొచ్చేది మనకే కదండీ. నేనిక్కడ ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను కాబట్టి నాకు ఇంకాస్త ఎక్కువే వస్తాయి. అందుకే ఈవారం ఆ సంగతులు చెబుతాను.

మొదటిది, పీహెచ్‌డీ అంటే ఎమ్మెస్ లాగా ఫీజు కట్టి చదివే చదువు అనుకోకండి. సైన్సు, ఇంజనీరింగుల్లో చాలామందికి యూనివర్సిటీయే ఫీజు భరించి, నెలనెలా స్టైపెండ్ ఇస్తుంది. ప్రభుత్వ సంస్థ యూకేఆర్‌ఐ స్టైపెండ్ 2025-26కి కనీసం 20,780 పౌండ్లు, దాని మీద పన్ను లేదు. 2021 నుంచి ఇవి విదేశీ విద్యార్థులకీ ఇస్తున్నారు. కాకపోతే చేర్చుకునేవాళ్లలో విదేశీయులు 30 శాతం దాటకూడదని పరిమితి. అంటే పోటీ గట్టిదే.

మొన్నామధ్య మావైపు నుంచి ఒకాయన ఫోన్ చేసి, "అన్నయ్యా, అమ్మాయికి పీహెచ్‌డీ సీటొచ్చింది, రెండెకరాలు బేరం పెట్టాను" అన్నాడు. ఆఫర్ లెటర్ తెప్పించుకుని చూశాను. సీటుంది, ఫండింగ్ మాటే లేదు. విదేశీ ఫీజు మొత్తం వాళ్లే కట్టుకోవాలి! బేరం ఆపించాను. ఆ అమ్మాయి ఫండింగ్ ఉన్న ప్రాజెక్టులు ఆరింటికి అప్లై చేసింది. అయిదు కాదన్నాయి, ఆరోది తీసుకుంది. పొలం మిగిలింది.

మరి ఎక్కడ వెతకాలి? ఫైండ్‌ఏపీహెచ్‌డీ, జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే సైట్లు చూడమనండి. అక్టోబరులో మొదలయ్యే చాలా ప్రాజెక్టులకి గడువు అంతకుముందు డిసెంబరు, జనవరిల్లోనే అయిపోతుంది. ప్రకటనలో "హోమ్ ఫీజు మాత్రమే" అని ఉంటే, మిగతా తేడా ఎవరు కడతారో అడిగి తెలుసుకోవాలి. ఇక్కడే పెరిగి, స్థిరనివాసం ఉన్న మన పిల్లలకి సాధారణంగా ఆ బెడద ఉండదు.

ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్" అంటూ ఒకే ఉత్తరం యాభై మందికి పంపితే ఎవరూ జవాబివ్వరు. ఆయన ఈమధ్య రాసిన పేపర్లు రెండు చదివి, అందులో తనకొచ్చిన ప్రశ్న ఏమిటో, తను చేసిన పని దానికెలా పనికొస్తుందో పది లైన్లలో రాస్తే చాలు. వారం పది రోజుల్లో జవాబు రాకపోతే ఇంకొక్కసారి రాయడం తప్పు కాదు.

సీటొచ్చాక, ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి చాలా సైన్సు, ఇంజనీరింగు సబ్జెక్టుల్లో వీసాకి ముందు అటాస్ సర్టిఫికెట్ కావాలి. దానికి రుసుము లేదు గానీ వారాలు పడుతుంది, ఆలస్యం చెయ్యొద్దు. 2024 జనవరి నుంచి మామూలు ఎమ్మెస్సీ వాళ్లు భార్యనో భర్తనో తెచ్చుకోలేరు, పీహెచ్‌డీ వాళ్లు తెచ్చుకోవచ్చు.

ఈసారి ఫోనొస్తే, "సీటొచ్చిందా" అని కాదు, "ఫండింగ్ కాగితం మీద ఉందా" అని అడగండి. ఉంటానండీ, సెలవు.