వేషం తీసిన తరువాత



ఈ మధ్య మన పూర్వవిద్యార్థిని ఒకతె తల్లితో కలిసి నా గదికి వచ్చింది. "టీచరుగారూ, నేను డ్రామా థెరపిస్టు కావాలనుకుంటున్నాను. మీరు చెబితే మా ఇంట్లో వింటారు" అన్నది. "వేషాలు వేయించడానికి కూడా ఒక చదువా అమ్మా?" అన్నారు తల్లిగారు. ఆనాడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈనాడు చెబుతాను.

నాటకం మనకు కొత్త కాదు. బళ్లారి రాఘవగారు న్యాయవాద వృత్తిలో ఉంటూనే తెలుగు రంగస్థలానికి వన్నె తెచ్చారు. సురభి కుటుంబాలకు 1885 నుండి నాటకమే జీవనం. నాటకం చూచి కంటతడి పెట్టి, మనసు తేలికపడి ఇల్లు చేరడం మన పెద్దలకు తెలిసినదే. ఆ నమ్మకంతోనే నేనొక తప్పు చేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏడవ తరగతి బాలిక చేత చంద్రమతి వేషం వేయించాను. ఆ ఏడే ఆమె తమ్ముడు పోయాడు. ఆ సంగతి నాకు తెలుసు. కాటిసీనులో లోహితాస్యుని ఒడిలో పెట్టుకొని విలపిస్తే లోపలి దుఃఖం తీరుతుందనుకున్నాను. సభ చప్పట్లతో మారుమ్రోగింది. నాకు మెప్పు దక్కింది. తెర పడినా ఆ పిల్ల ఏడుపు ఆగలేదు. తరువాత చాలా రోజులు బడిలో ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పుడేమి చేయాలో నా బి.ఎడ్. పాఠాలలో లేదు.

ఆ తల్లిగారడిగిన చదువు సరిగా అక్కడే అవసరమవుతుంది. గాయాన్ని సూటిగా తాకక, బొమ్మ చేతనో, ముఖానికి పెట్టిన తొడుగు చాటునో, కథలోని మరొకరి నోటనో పలికించాలి. చివరకు మనిషిని పాత్ర నుండి మెల్లగా వెలికి తెచ్చి, తన పేరుతో తనను పిలిచి పంపాలి. నేను చేయనిది ఇదే.

బ్రిటన్‌లో దీనికి స్నాతకోత్తర విద్య ఉన్నది. ఆసుపత్రులలో, పాఠశాలలలో అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేయాలి. శిక్షణ పొందేవారు తామూ ఒక చికిత్సకుని ముందు కూర్చుని తమ మనసు విప్పుకోవాలి. ఈ నియమం నాకు మిక్కిలి నచ్చింది. అధికారిక పట్టికలో నమోదు కానివారు ఆ వృత్తినామం వాడుకోవడం అక్కడ చట్టవిరుద్ధం. మన దేశంలో అంత స్థిరమైన మార్గం ఇంకా ఏర్పడలేదు. చికిత్సా మనస్తత్వ నిపుణులకైతే 1992 నాటి చట్టం క్రింద భారత పునరావాస మండలిలో నమోదు ఉన్నది. కాబట్టి ముందు మనస్తత్వశాస్త్రంలో పట్టా పొందమన్నాను. నాలుగు రోజుల శిబిరంతో చేతికి వచ్చే ధ్రువపత్రాన్ని చూచి మోసపోవద్దన్నాను. ఖర్చు, ఆలస్యం, జీతం నిలకడలేమి, ఇవేవీ ఆ తల్లికి దాచలేదు.

అమ్మాయి సిఫారసు లేఖ అడిగింది. వ్రాసి ఇచ్చాను. అందులో ఆమె అభినయాన్ని గురించి ఒక్క వాక్యమే ఉన్నది. ఎనిమిదవ తరగతిలో, నత్తి గల తోటి బాలుడు సంభాషణ మరచి రంగస్థలంపై నిలిచిపోతే, తన మాట ఆపుకొని, అతడు తేరుకునేదాకా ప్రక్కనే నిలబడిన వైనం తక్కిన పుటనంతా ఆక్రమించింది.