కారు రేడియోలో ఈల



కారు సంగతులు మగవాళ్ళవి, మనకెందుకులే అనుకుంటాం. నేనూ అలాగే ఊరుకుని ఓ కొత్త బ్యాటరీ డబ్బు తగలేశాను.

మా పాత కారులో రేడియో పెడితే పాటతోబాటు సన్నని ఈల వినిపించేది. ఎక్సిలేటరు నొక్కితే హెచ్చేది, వదిలితే దిగేది. "మైకు ముందు కూర్చుని కూర్చుని నీకన్నీ గోలలే వినిపిస్తాయి" అన్నారు మావారు. నెల తిరక్కుండా ఓ రాత్రి మా అత్తగారికి ఆయాసం వచ్చింది. ఆసుపత్రికి బయల్దేరదామంటే సెల్ఫ్ తీసుకోలేదు! పక్కింటి కుర్రాళ్ళు తోస్తేగాని బండి కదల్లేదు. ఆవిడకి ఇంజెక్షనుతో సర్దుకుంది గాని, నా గుండె దడ తగ్గడానికి రెండు రోజులు పట్టింది. షాపతను బ్యాటరీ పోయిందన్నాడు, మార్చాం. మూడు వారాలకి అదీ దిగిపోయింది.

అసలు దొంగ ఆల్టర్నేటరు. ఇంజను తిరుగుతుంటే బ్యాటరీని నింపేది అదే. దాన్లో పుట్టే కరెంటు మనింటి కరెంటులాగే అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని ఒకే దారిన నడిపించేవి డయోడ్లు, ఒకవైపే తెరుచుకునే తలుపులన్నమాట. అందులో ఒకటి చెడితే ఆ కుదుపే రేడియోలో ఈలవుతుంది. బ్యాటరీ సరిగా నిండదు, పైగా రాత్రిళ్ళు అదే దారిన కారిపోవచ్చు. ఈల కాక టకటకమంటే స్పార్కు ప్లగ్గుల వైర్లు చూడాలి. రేడియో ఎర్తు వైరు వదులైనా ఈల వస్తుంది, అందుకే మీటరు కావాలి.

రాత్రంతా ఆగిన కారులో బ్యాటరీ దగ్గర సుమారు 12.6 వోల్టులుండాలి. ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా. పదమూడు దాటకపోతే నిండటం లేదని, 15 మించితే రెగ్యులేటరు చెడిందని అనుమానించాలి. మీటరు ఏసీకి తిప్పితే అర వోల్టు మించకూడదు. కంప్యూటరున్న కొన్ని కొత్త కార్లకు ఈ లెక్క అచ్చంగా కుదరదు లెండి.

ముందు బెల్టు వదులైందేమో చూడండి. టెర్మినళ్ళ మీద తెల్లపొడి ఉంటే వంటసోడా కలిపిన వేణ్ణీళ్ళతో కడగాలి. చింతపండు కాదండోయ్, అక్కడున్నదే ఆమ్లం! గాజులూ ఉంగరాలూ తీసి, కొంగు బిగించి దోపుకుని మరీ వంగండి, తిరిగే బెల్టుకి కొంగని తెలీదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూసే పాతకాలపు పరీక్ష మాత్రం ఎవర్నీ చేయనివ్వకండి, మంచి డయోడ్లు కూడా పోతాయి.

నేను అంకెలు కాగితం మీద రాసి వేరే ఎలక్ట్రీషియనుకు చూపించాను. విప్పితే డయోడే. మార్చాక ఈల పోయింది. ఇప్పుడు బండి ఎక్కగానే మావారే రేడియో పెట్టి, "ఏమైనా వినిపిస్తోందా?" అని నన్నడుగుతున్నారు.