ఎండిన కొమ్మ పక్కన మన మాట

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పాట, డప్పు, థింసా గురించి పెద్దలు చెప్పారు. నేను ఒక చెట్టు గురించి చెబుతాను.

సోమిద మనకు తెలిసిన చెట్టే. బెరడు జ్వరానికి వాడేవారు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్, 1793లో కలకత్తా వెళ్లేదాకా సామర్లకోటలో ఉండి ఈ ప్రాంతపు మొక్కలు సేకరించాడు. సోమిద రాజమండ్రి సర్కారు కొండల్లో పెరుగుతుందని, దాని తెలుగు పేరుతో సహా రాశాడు. 1830లో ఫ్రెంచి శాస్త్రవేత్త జుస్యూ ఆ పేరునే శాస్త్రంలోకి ఎక్కించాడు: సోయ్‌మిడా. ఏ దేశపు శాస్త్రవేత్తయినా ఆ చెట్టును మన నోటి మాటతోనే పిలవాలి. ఆ మాట చెప్పిన మనిషి పేరు మాత్రం శాస్త్రంలోకి ఎక్కలేదు.

ఇలా ఎండబెట్టి అట్టకు అతికించి దాచిన మొక్కల ఖజానాను హెర్బేరియం అంటారు. హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియంలో సుమారు 20 లక్షల నమూనాలున్నాయి. ఎందుకంత? నేల ఉసిరినే తీసుకోండి. మన దేశంలో దొరికే రెండు మూడు రకాలను చాలాకాలం అమెరికా ఖండపు మొక్క పేరుతోనే పుస్తకాల్లో రాశారు. పరీక్షించిన మొక్క కొమ్మ ఒకటి దాచి ఉంటే, పేరు తప్పయినా తర్వాత సరిచూసుకోవచ్చు. దాచకపోతే ఆ పరిశోధన ఏ మొక్క మీద జరిగిందో తేల్చడం కష్టం.

నా దృష్టిలో కొమ్మ కంటే కింద అతికించే చీటీయే ముఖ్యం. ఊరు, గుట్ట, తేదీ, పూవు రంగు (ఎండితే పోతుంది), కోయలోనో కువిలోనో సవరలోనో ఉన్న పేరు, ఆ పేరు చెప్పిన వారు ఒప్పుకుంటే వారి పేరు కూడా రాయండి. మందు సంగతి వేరు. అది పెద్దల్ని, గ్రామసభను అడగకుండా రాయవద్దు. 1987లో కేరళ అగస్త్యమల కొండల్లో కాణి గిరిజనులు శాస్త్రవేత్తలకు ఆరోగ్యపచ్చ మొక్క చూపించారు. దాని నుంచి జీవని అనే మందు వచ్చింది. రాబడిలో వాళ్ల వాటా కోసం ట్రస్టు ఏర్పడింది మాత్రం 1997లో.

పాత పేపర్లు, రెండు చెక్కలు, బరువుకి ఒక రాయి చాలు. వానాకాలం పేపర్లు రోజూ మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. మొక్కను వేళ్లతో పీకకండి. ఇప్పతో మొదలుపెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: పూసేటప్పుడు చెట్టుకు ఆకు దాదాపు ఉండదు. చెట్టుకు గుర్తు కట్టి, ఆకు వచ్చాక మళ్లీ అదే చెట్టు దగ్గరికి వెళ్లాలి.