తిప్పతీగ: చూసి కొనండి, అడిగి వాడండి

మన సరిహద్దు జిల్లాల వాళ్లం పెళ్లి సరుకులకో, అంగడి సరుకులకో చెన్నపట్నం జార్జి టౌనుకు వెళ్లివస్తూ ఉంటాం. అక్కడి రాసప్ప చెట్టి వీధి నాటుమందుల అంగళ్లకు పేరు. ఆ అంగళ్లలో తిప్పతీగను అరవంలో ‘శీందిల్’ అంటారు. సంస్కృతంలో గుడూచి, అమృత.

అమృత అనే పేరు దీనికి ఊరికే రాలేదు. కోసిన ముక్క కూడా తడి తగిలితే చిగురిస్తుంది. జ్వరాలకు, మధుమేహానికి, కీళ్లవాతానికి వైద్యులు దీన్ని తరతరాలుగా వాడుతున్నారు. వేపచెట్టు మీద పాకిన తీగ శ్రేష్ఠమని పెద్దల మాట. కాడను దంచి, నీళ్లలో పిసికి, వడకట్టి ఉంచితే అడుగున తెల్లగా పేరుకునేదే తిప్పసత్తు. అరవంలో దాన్ని ‘శీందిల్ శర్కరై’ అంటారు. పేరులో చక్కెర ఉన్నా అది చేదుమొక్క నుంచి తీసిన పిండే.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు రోగనిరోధక శక్తి పెరుగుతుందని ఎందరో ఎవరినీ అడగకుండానే నెలల తరబడి తిప్పతీగ తాగారు. అలా వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు వెల్లడించారు. 2022లో పలు ఆసుపత్రులు కలిసి చేసిన పరిశీలనలో అటువంటివారు 43 మంది కనిపించారు. ఒంటిని కాపాడవలసిన శక్తే తన కాలేయం మీద తిరగబడినట్టు పలువురిలో లక్షణాలు ఉన్నాయి. అదే ఏడాది కేంద్ర ఆయుష్ శాఖ మాత్రం తిప్పతీగ క్షేమకరమే అంటూ, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే మరో తీగతో పొరబడవద్దని హెచ్చరించింది.

మరి మనం ఏం చేయాలి? పొడి చూసి ఏ తీగదో చెప్పలేం. కనుక పచ్చికాడ చూడండి. అసలు తిప్పతీగ కాడ పచ్చగా ఉంటుంది. రెండోదాని కాడ బూడిదరంగులో, ఒళ్లంతా బుడిపెలతో ఉంటుంది.

మధుమేహానికి మాత్రలు వేసుకునేవారు దీన్ని కూడా తాగితే రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు. కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, ఒంటి రక్షణ శక్తి తిరగబడే జబ్బులున్నవారు వైద్యుని అడగకుండా ముట్టరాదు. వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి. తిప్పతీగ తాగిన సంగతి డాక్టరు దగ్గర దాచకండి.

అమృతమైనా అడిగి తాగడమే మేలు.