జేఎస్‌పీలో ట్యాగ్ లైబ్రరీ ఎర్రర్ వస్తే ముందు ఏం చూడాలె?

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ దిక్కు ఫైనలియర్ ప్రాజెక్టులు చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. సీనియర్ల ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌ల తెచ్చుకుంటరు. వాళ్ల ల్యాప్‌టాప్‌ల మంచిగనే నడిచింది. మన దాంట్ల మాత్రం 500 ఎర్రర్. తెల్లారితే డెమో. రాత్రంతా డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చి చూస్తరు, టామ్‌క్యాట్ తీసేసి మళ్లీ ఎక్కిస్తరు. ఆఖరికి "జావా నాతోని కాదు" అనుకుంటరు. అట్ల అనుకోకండి.

పరీక్షకు పోతే గేటు కాడ హాల్ టికెట్ చూస్తరు కదా. అక్కడ ఆపేస్తే ప్రశ్నపత్రం కష్టమా, సులువా అన్న మాటే రాదు. ఇదీ అంతే. జేఎస్‌పీ పేజీని టామ్‌క్యాట్ ముందు సర్వ్‌లెట్‌గా మారుస్తది. ఆ మార్చేటప్పుడే ట్యాగులను తనిఖీ చేస్తది. అక్కడ ఆగిందంటే ఆ పేజీలో ఒక్క లైను కూడా నడవలేదని అర్థం. కాబట్టి డేటాబేస్ జోలికి పోకండి. ఎర్రర్ మొదటి లైను చదవండి. ఎక్కువగా ఈ నాలుగింట్లో ఒకటి ఉంటది.

ఒకటి, "అబ్సొల్యూట్ యూఆర్ఐ కెనాట్ బి రిజాల్వ్డ్". పేజీ పైన ట్యాగ్‌లిబ్ లైన్‌లో రాసే యూఆర్ఐ చూడటానికి వెబ్‌సైట్ అడ్రస్ లెక్క ఉంటది గానీ, అది ఉత్త పేరు. దానికి నెట్‌తో పనిలేదు. అదే పేరున్న టీఎల్‌డీ ఫైల్ ఏ జార్‌లో ఉందా అని టామ్‌క్యాట్ వెతుకుతది. జేఎస్‌టీఎల్ జార్ టామ్‌క్యాట్‌తో పాటు రాదు. మనమే వెబ్-ఇన్ఫ్ కింద లిబ్ ఫోల్డర్‌లో పెట్టాలె.

రెండు, "ఫెయిల్డ్ టు లోడ్ ఆర్ ఇన్‌స్టాన్షియేట్ ట్యాగ్‌లైబ్రరీవ్యాలిడేటర్". జార్ ఉంది గానీ కాలం కలవలేదు. 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9తో జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్ అనే ప్యాకేజీ పేరు జకార్తా డాట్ సర్వ్‌లెట్ అయింది. టామ్‌క్యాట్ 10 నుంచి ఆ కొత్త పేరే నడుస్తది. పాత 1.2 జార్ పాత పేరునే అడుగుతది. ప్రాజెక్టు మొత్తం పాతదైతే సులువు దారి టామ్‌క్యాట్ 9, జేఎస్‌టీఎల్ 1.2. కొత్తగా మొదలుపెడితే టామ్‌క్యాట్ 10.1కి జేఎస్‌టీఎల్ 3.0 వాడండి. అప్పుడు ఏపీఐ జార్, ఇంప్లిమెంటేషన్ జార్ రెండూ పెట్టాలె. యూఆర్ఐ "జకార్తా డాట్ ట్యాగ్స్ డాట్ కోర్" అని రాయొచ్చు.

మూడు, "ఆట్రిబ్యూట్ వాల్యూ డజ్ నాట్ యాక్సెప్ట్ ఎనీ ఎక్స్‌ప్రెషన్స్". పాత నోట్సుల్లో కనిపించే "జావా డాట్ సన్ డాట్ కామ్, స్లాష్ జేఎస్‌టీఎల్, స్లాష్ కోర్" అన్నది 2002 నాటి 1.0 పేరు. 1.1 నుంచి జేఎస్‌టీఎల్‌కు ముందు "జేఎస్‌పీ స్లాష్" అన్న ముక్క చేరింది. ఆ ఒక్క ముక్క కలిపితే ఎర్రర్ పోతది.

నాలుగు, "వ్యాలిడేషన్ ఎర్రర్ మెసేజెస్ ఫ్రమ్ ట్యాగ్‌లైబ్రరీవ్యాలిడేటర్". అంటే జార్ దొరికింది, వ్యాలిడేటర్ పని చేస్తున్నది, తప్పు మన పేజీలోనే ఉన్నది. ఛూజ్ ట్యాగ్ లోపల నేరుగా వెన్, అదర్‌వైజ్ మాత్రమే ఉండాలె. ఈ రెండింటి నడుమ హెచ్‌టీఎమ్ఎల్ కామెంట్ పెట్టినా "ఇల్లీగల్ టెక్స్ట్" అంటది. కామెంట్ కావాలంటే జేఎస్‌పీ కామెంట్ రాయండి.

జార్ మార్చినంక సర్వర్ ఆపి, టామ్‌క్యాట్ వర్క్ ఫోల్డర్ ఖాళీ చేసి, మళ్లీ స్టార్ట్ చేయండి. లేకుంటే పాత పేజీనే చూపెట్టొచ్చు.

ఇంకో మాట. రేపు ఇంటర్వ్యూలో "మీ ప్రాజెక్టులో ఏ సమస్య వచ్చింది, ఎట్ల తీర్చినరు?" అని అడుగుతరు. సీనియర్ ఇచ్చిన కోడ్ ఆ జవాబు ఇయ్యదు. ఈ ఎర్రర్‌ను మీరే చదివి తీరిస్తే జవాబు మీ దగ్గరనే ఉంటది. ఇంకా ఆగితే మొదటి లైను, టామ్‌క్యాట్ వెర్షన్, జార్ పేరు, ఈ మూడూ కామెంట్‌లో రాయండి, చూద్దాం. ఉంటా మరి.